బోడగుట్టకు గీసిన విహార పటం

రోహిణి కార్తెలో విహారం

రోహిణి కార్తెలో అడవికి విహారానికి బయల్దేరిన మనిషి ఆ ఏడాది ఖమ్మం జిల్లా మొత్తం మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను. అదైనా నా విహారం కాదు. ఇతరులు ఎప్పుడో చల్లబడ్డాక చేయబోయే విహారానికి ముందుగా నేను ఎండలో మాడి రావాలన్నమాట.

నా మేనకోడలి భర్త ప్రభాకర్ అప్పట్లో చర్ల వైపు అడవుల్లో రేంజరు. ఎనభైల మొదట్లో సంగతి. పట్నం వాళ్లు ఆదివారం పూట వచ్చి, గుట్ట ఎక్కి, కొండ గాలి పీల్చి, పులిహోర తిని, చీకటి పడకముందే దిగిపోయే ఏర్పాటు ఒకటి చేయమని అతనికి పైనుంచి కాగితం వచ్చింది. నడక దారి ఎటు వేయాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ కూర్చుని తినాలి, ఎక్కడ నిలబడి ఆహా అనాలి, అన్నీ పటంలో గీసి నెలాఖరుకు పంపాలి.

"మామయ్యగారూ, ముప్పై మూడేళ్లు ఓవర్సీరుగా చేశారు. రోజూ డైరీ రాస్తారు. పైగా ఖాళీగా ఉన్నారు," అన్నాడు ప్రభాకర్.

మొదటి రెండూ పొగడ్తలు, మూడోది అసలు అర్హత. ఒప్పుకున్నాను. మా ఆవిడ మడత మంచం మీద నా బట్టలు సర్దుతూ, "వెళ్లి రండి, నాలుగు రోజులు నాకూ సెలవు దొరుకుతుంది," అంది. ఆ మాట అదే రోజు తేదీతో సహా డైరీలో రాసుకున్నాను.

నా సామాను: వంద అడుగుల టేపు, దిక్సూచి, గొడుగు, మరచెంబు, నాలుగు పెన్సిళ్లు, చాపలా చుట్టిన దళసరి కాగితం. వీటన్నిటికన్నా నేను నమ్ముకున్నది నా అడుగు. నా అడుగు సరిగ్గా ముప్పై అంగుళాలు. రెండు వేల నూట పన్నెండు అడుగులు వేస్తే మైలు. ఈ విషయంలో నా కాళ్లు ఎప్పుడూ నన్ను మోసం చేయలేదు. మోకాళ్ల సంగతి వేరు.

భద్రాచలం

బస్సు గోదావరి వంతెన ఎక్కగానే పక్క సీటు ముసలమ్మ కొంగుముడి విప్పి నాణెం తీసి, కళ్లు మూసుకుని కిటికీలోంచి విసిరింది. ఆ నెలలో గోదావరి ఒక పక్క సన్నగా పారుతోంది, మిగతాదంతా ఇసుక. ఇసుకలో పుచ్చకాయ పాదులు. నాణెం సూటిగా పోయి ఒక పాదులో పడింది.

"నీళ్లల్ల పడ్డదా అయ్యా?" అని అడిగింది ఆవిడ కళ్లు తెరవకుండానే.

"తడి ఉన్నచోటే పడిందమ్మా," అన్నాను. పుచ్చకాయలో ఉన్నది నీళ్లే గదా.

రాముణ్ణి దర్శించుకున్నాను. ఎవరూ లేని మధ్యాహ్నం వేళ కాబట్టి స్వామి, నేను, ఒక పూజారి, ముగ్గురమూ చెమటలు కక్కుతూ ఒకరినొకరు చూసుకున్నాం. పూజారి గోత్రం అడిగాడు, చెప్పాను. ఎందుకొచ్చారని అడిగాడు, విహారానికన్నాను. అర్చన మధ్యలో ఆపి నా మొహం చూశాడు. "ఆరోగ్యానికి కూడా చెప్పమంటారా?" అని ఇంకో పువ్వు వేశాడు.

హోటల్లో భోజనం బాగుంది. మా మధిర వైపు పప్పులో నెయ్యి వేసి తర్వాత మాట్లాడతారు, ఇక్కడ ముందు మాట్లాడి నెయ్యి సంగతి మరిచిపోతారు. కానీ గోంగూర పచ్చడి మాత్రం మా ఇంటి పచ్చడిని తలదన్నింది. ఈ వాక్యం మా ఆవిడ చదవకూడదని డైరీలో ఆ పేజీకి మడత పెట్టాను. మడత ఉన్న పేజీనే ముందు తెరుస్తుందని తర్వాత తెలిసింది.

చర్ల

చర్ల రోడ్డు గురించి రాయడానికి ఏమీ లేదు, ఎందుకంటే రోడ్డు లేదు. ఉన్నచోట గుంతలున్నాయి, గుంతలు లేనిచోట వాగులున్నాయి. బస్సు దిగేసరికి నా ఎత్తు అర అంగుళం తగ్గి ఉంటుంది.

ఊరి చివర బీడీలు చుట్టే తునికాకు ఆరబోసే కళ్లం. యాభై ఆకుల కట్టలు నేల మీద వరసలు వరసలుగా ఎండుతున్నాయి. అంత క్రమశిక్షణ నేను స్కూలు ప్రార్థనలో కూడా చూడలేదు. సంతోషం పట్టలేక ఒక వరస లెక్కపెట్టబోయాను. కళ్లం గుమస్తా సత్తుపల్లి దగ్గర మనిషి, గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"తనిఖీకి వచ్చారా సార్?"

"కాదు. గుట్టల మీద జనం కూర్చుని చూడ్డానికి చోటు వెతకడానికొచ్చాను."

"ఏం చూస్తారు?"

"అడవి."

అతను చుట్టూ చూశాడు. ఎటు చూసినా అడవే. "కూర్చుంటే ఇంకోలా కనిపిస్తుందా?" అన్నాడు. ఆ ప్రశ్న డైరీలో రాసుకున్నాను.

ఊటగూడెం

ప్రభాకర్ జీపు నన్ను వాగు దాకా తెచ్చి దించింది. మూడో రోజు మధ్యాహ్నం అక్కడికే వచ్చి తీసుకెళ్తానన్నాడు. వాగు అవతల ఊటగూడెం. పందొమ్మిది ఇళ్లు, అన్నీ కోయవాళ్లవి. దాని వెనక బోడగుట్ట, గుట్ట వెనక మధ్యప్రదేశ్. నాకు దారి చూపించడానికి సోడి అడమయ్య అనే ఆయన్ని మాట్లాడి ఉంచాడు. నలభై దాటిన మనిషి, పొట్టి, చెవి మీద ఎప్పుడూ ఆరిపోయిన చుట్ట.

"నువ్వేనా కొలిసే సారు?" అన్నాడు.

ఆ "నువ్వు" నన్ను గుచ్చింది. సర్వీసులో నన్ను ఏకవచనంలో పిలిచినవాడు ఒక్క సూపరింటెండెంటే, అదీ కోపంలో. సాయంత్రానికి అర్థమైంది, వీళ్ల మాటలో "మీరు" అనేదానికి పనే లేదు. కలెక్టరుకైనా కోడిపెట్టకైనా "నువ్వే". మర్యాద గొంతులో ఉంటుంది. ఆ గొంతులో నాకెంత దక్కిందంటే, కలెక్టరుకన్నా తక్కువ, కోడికన్నా కొంచెం ఎక్కువ.

నా సామాను కావడికి ఒక పక్క, బియ్యం, కుండ ఇంకో పక్క కట్టి భుజానికెత్తుకున్నాడు అడమయ్య.

"గుట్ట మొదలు ఎంత దూరం?" అని అడిగాను.

"ఆరు బుజాలు."

"ఆరు ఏమిటి?"

కావడి బరువు కుడి భుజం మీద నొప్పి పుట్టగానే ఎడమ భుజానికి మార్చుకుంటారు. అలా ఎన్నిసార్లు మారిస్తే అంత దూరం. ఇదేం కొలత అని నవ్వుకుని నా అడుగులు లెక్కపెడుతూ నడిచాను. చదును నేల మీద ఒక భుజానికి తొమ్మిది వందల పైచిలుకు అడుగులు. ఎత్తు మొదలయ్యాక నాలుగు వందలు. రాళ్ల మీద రెండు వందల అరవై. నేను పుస్తకంలో మైళ్లు రాశాను. అవి ఎండకు, ఎత్తుకు, నా వయసుకు ఏ సంబంధం లేని మైళ్లు. ముప్పై మూడేళ్లు నేను చేసినదంతా తప్పు కొలతేమో అన్న అనుమానం రెండో వాగు దగ్గర మొదలై, అడమయ్య ఆగి సొరకాయ బుర్రలో జీలుగు కల్లు పోసిచ్చాక తగ్గింది.

"నువ్వు కాళ్లు జూసుకుంట నడుస్తున్నవ్. గుట్టలెప్పుడు జూస్తవ్ సారూ?" అన్నాడు.

"లెక్క పోతుందయ్యా."

"పోతే పోనీ. గుట్ట యాడికి పోదు గద."

బోడగుట్ట

మర్నాడు తెల్లవారగానే ఎక్కడం మొదలుపెట్టాం. ఎక్కడం నేనెక్కువ రాయను. ఎక్కినవాళ్లకు తెలుసు, ఎక్కనివాళ్లు నమ్మరు. దారిలో తునికి పండ్లు, మొర్రి పండ్లు ఏరుకుని తిన్నాం. ఒకచోట ఆయాసపడి చెట్టుకు చేరగిలబడ్డాను. ఆ చెట్టు నిండా ఎర్ర చీమలు ఆకులు కలిపి గూళ్లు కట్టుకుని ఉన్నాయి. చొక్కాలోకి, బనీనులోకి, నేను రాయదలుచుకోని చోట్లలోకి దూరాయి. నేను గంతులేస్తుంటే అడమయ్య నా వైపు చూడనైనా చూడకుండా కొమ్మ వంచి గూడును ఆకులతో సహా పొట్లం కట్టాడు.

"మా అక్క పచ్చడి నూర్తది," అన్నాడు.

"ముందు నన్ను విడిపించవయ్యా!"

"నీ మీదియి కూడ ఏరియ్యి. లేకుంటె పచ్చడికి తక్కువైతయ్."

పైకి చేరాక ఆ కోపమంతా పోయింది. గుట్ట కొనకు కొంచెం కింద ఎవరో పలక పెట్టి చదును చేసినట్టున్న నేల. నేను కొలిచాను, దాదాపు మూడెకరాలు. అక్కడి నుంచి చూస్తే ఒక పక్క గుట్ట వెనక గుట్ట బస్తరు దాకా నీలంగా, ఇంకో పక్క దూరంగా ఎండలో మెరుస్తూ గోదావరి. గాలి ఎంత చల్లగా వీచిందంటే రోహిణి కార్తె గుట్ట అడుగునే ఆగిపోయింది. ఆహా అనాల్సిన చోటు ఇదే. నేను అన్నాను కూడా.

అన్నిటికన్నా నాకు నచ్చింది, అక్కడ చెట్లు కొట్టాల్సిన పని లేదు. మోకాలెత్తు మొద్దులు, వాటి చుట్టూ మొలిచిన చిగుళ్లు, మధ్యలో గడ్డి, పొదలు. ప్రకృతి సిద్ధమైన మైదానం. మొద్దులు లెక్కపెట్టాను, నలభై ఒకటి. నలభై ఒక్కమందికి కుర్చీలు! ఒక మొద్దు మీద కూర్చుని, మరో మొద్దు మీద కాగితం పరిచి గీశాను. ఇక్కడ పిక్నిక్ స్థలం. ఇక్కడ కమ్మీల కంచె, పిల్లలు జారిపోకుండా. ఇక్కడ రేకుల పాక. ఇక్కడ "దృశ్య వేదిక". ఆ పేరు నేనే పెట్టాను, పెట్టి చాలాసేపు మురిసిపోయాను. అంచున చక్కటి అక్షరాలతో రాశాను: ఖాళీ స్థలం, చదును, సిద్ధంగా ఉన్నది.

అడమయ్య ఎండలో నిలబడి ఉన్నాడు. చుట్ట వెలిగించాడు గానీ పీల్చడం లేదు.

"ఈడికి ఎంతమంది వస్తరు సారూ?"

"మంచి ఆదివారం వందమంది."

"ఎప్పుడు?"

"వానలు పడ్డాక. పచ్చగా ఉంటుంది గదా."

"వానలు పడ్డంక," అని తనలో తనే అనుకుని చుట్ట నేలకు రాసి ఆర్పేశాడు. దిగేటప్పుడు మాటిమాటికీ కావడి దించి గుట్ట వైపు తిరిగి చూశాడు. నేను అలసటనుకున్నాను. బరువంతా అతని భుజం మీదే ఉంది గదా అని మనసులో జాలి కూడా పడ్డాను.

కన్నమ్మ పొయ్యి దగ్గర

ఆ సాయంత్రం భోజనం అడమయ్య అక్క కన్నమ్మ ఇంట్లో. భర్త పోయి ఐదారేళ్లయింది. మంచం పట్టిన అత్త, ఇద్దరు ఆడపిల్లలు. వాగు పక్కనున్న చేను కిందటేడు వరదకు ఇసుక మేటవేసి పనికిరాకుండా పోయింది. ఇదంతా ఆవిడ చెప్పుకోలేదు, నేను ఒక్కొక్కటి అడిగి రాసుకున్నాను.

ఆకు దొప్పలో జొన్న జావ, చింతచిగురు వేసిన ఎండుచేపల పులుసు, నన్ను కుట్టిన చీమల పచ్చడి. పచ్చడి పుల్లగా, ఘాటుగా, నిమ్మకాయకూ మిరపకాయకూ పెళ్లి చేసినట్టుంది. రెండోసారి అడిగాను.

"పగ దీర్సుకుంటున్నవా?" అంది కన్నమ్మ.

గోడ వార ఎండిన సొరకాయ బుర్రలు నాలుగు వేలాడుతున్నాయి. ఏమిటవని అడిగితే దించి చూపించింది. కొర్రలు, సామలు, జొన్నలు, కందులు, దేనికది, నోటికి ఆకు బిగించి. రేపు భూమి పండుగ, ఊళ్లో వాళ్లంతా విత్తనం భూమితల్లికి చూపించాకే చల్లుతారట.

"వాగు చేను పోయిందన్నారు. ఎక్కడ చల్లుతారు?" అన్నాను.

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. అడమయ్య జావలోకి చూస్తున్నాడు.

"గుట్ట మీద," అంది. "మూడేండ్లు పండవెట్టిన. ఈయేడు సత్తువొచ్చింది. నువ్వు పొద్దుగాల కూసున్న మొద్దు నా మొగుడు నరికిందే."

నోటి దాకా ఎత్తిన దొప్ప కింద పెట్టాను. నలభై ఒక్క కుర్చీలు. పోడు చేనులో చెట్టును మోకాలెత్తున నరికి మొద్దు వదిలేస్తారని, చేను కొన్నేళ్లు వదిలేస్తే మొద్దు మళ్లీ చిగురించి నేలకు బలమొస్తుందని, ఏళ్ల తరబడి జిల్లాలో తిరిగిన నాకు తెలియదా? తెలుసు. కానీ పోడు అంటే నల్లగా కాలిన నేల అనే నా తలలో ఉంది. పచ్చగా ఉన్నది చేను కాదనుకున్నాను.

"మరి చెప్పవేమయ్యా?" అని అడమయ్య మీద పడ్డాను.

"నువ్వు రాస్తున్నవ్. రాసేటోళ్లకు మేం చెప్తే ఎప్పుడన్న ఇన్నరా?"

"ఏం రాసినవ్?" అని కన్నమ్మ నన్నే అడిగింది.

అబద్ధం చెప్పలేదు. ఖాళీ స్థలమని రాశానన్నాను. ఆ కాగితం వెళ్తే అక్కడ కంచె వస్తుంది, పాక వస్తుంది, ఆదివారాలు జనం వస్తారు.

"కొట్టెయ్. నా చేనని రాయి."

ఇక్కడే చిక్కు. ఆ నేలకు ఆవిడ పేర కాగితం లేదు, రికార్డులో అది అడవే. సాగులో ఉందని రాస్తే అడవిలో ఎవరు సాగు చేస్తున్నారనే ప్రశ్న వస్తుంది, జవాబుగా ఆవిడ పేరు వస్తుంది. పక్క గూడెంలో ఒకాయన పేరు అలా ఏదో కాగితంలోకెక్కితే రెండేళ్లుగా భద్రాచలం కోర్టు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడని అడమయ్య చెప్పాడు. ఖాళీ అంటే చేను పోతుంది. సాగు అంటే చేనూ పోతుంది, మనిషీ తిరుగుతుంది.

ఇది వివరంగా, వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పాను. కన్నమ్మ ఓపిగ్గా విన్నది.

"అంటే నీ తాన రెండే మాటలున్నయ్?"

"అవునమ్మా."

"ముసలోడివైనవ్. ఇన్నేండ్లల్ల రెండే నేర్సినవా?"

పిల్లలిద్దరూ చేతులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. మంచంలోంచి అత్త కూడా నవ్వింది, ఆవిడకు తెలుగు రాదన్నారు.

దారికి అడ్డం కర్ర

పొద్దున్నే గూడెంలో మగవాళ్లు విల్లంబులు తీసుకుని పండుగ వేటకు వెళ్లిపోయారు. అడమయ్య మాత్రం నన్ను జీపు దగ్గరికి చేర్చాలి గనుక మిగిలాడు. ఊరి వెనక నీడ దారి, ఊటబావి కూడా పటంలో చేర్చి గూడెం మీదుగా దిగిపోదామన్నాను. చుట్టూ తిరిగి వస్తూ వాగు పాయ దగ్గర అతను కావడి దించి, రాళ్లు ఎత్తి ఎత్తి చూస్తూ అరగంట గడిపాడు. ఎండ్రకాయలు పడుతున్నాడు. జీపు వచ్చే వేళయిందని నేను తొందరపెట్టాను.

"ఆగు సారూ. ఇయ్యాల ఉత్త చేతులతోని ఊర్లకు రావొద్దు," అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

గూడెం చివర, వాగు దారికి అడ్డంగా వెదురు కర్ర కట్టి ఉంది. కర్ర వెనక ఊళ్లో ఆడవాళ్లందరూ, తలల్లో పూలు, పక్కన వరసగా కుండలు. వాగు అవతల జీపు, వాగు దాటి వచ్చి కర్రకు అటుపక్క ఉతికిన ఖాకీలో ప్రభాకర్. కర్ర ఎత్తమని అడుగుతున్నాడు. వాళ్లు అతన్ని పట్టించుకోవడం లేదు. వాళ్ల కళ్లన్నీ మా మీద.

"వేట ఏది?" అని అరిచారు.

అడమయ్య ఆకు పొట్లం విప్పాడు. మూడు ఎండ్రకాయలు. ఎండ్రకాయ వేట అవునా కాదా అని పెద్ద పంచాయితీ జరిగింది. కాళ్లున్నాయి, పరిగెత్తుతుంది, కరుస్తుంది, కాబట్టి వేటే అని తేల్చారు. పండుగ వేట ఎంత చిన్నదైనా ఇంటింటికీ వాటా పోవాలట. అక్కడికక్కడే కాళ్లు విరిచి ఇంటికొకటి పంచారు. ఒక్కో ఇంటికి దక్కింది నా చిటికెన వేలంత. ఎవరూ తక్కువైందని అనలేదు. అడమయ్య కర్ర కిందుగా దూరి అవతలికి వెళ్లి, వాగు గట్టున కూర్చుని చుట్ట ముట్టించాడు.

"నాకు ముందే చెప్పొద్దా?" అని అరిచాను.

"నువ్వడగలే!"

"సారూ, నీ వేట ఏది?" కన్నమ్మ గొంతు. ముందు వరసలో ఆవిడే, చంకలో కుండ.

ఉత్త చేతులు చూపించాను. మరుక్షణం, ఆ పండుగనాడు వేట లేకుండా వచ్చిన మగవాడికి చేసే మర్యాదట, కుండెడు పేడనీళ్లు నా నెత్తిన పడ్డాయి. నా జీవితంలో నాకు జరిగిన సన్మానాలు రెండే. రిటైరైన రోజు శాలువా ఒకటి, ఇది రెండోది. రెండోదే చల్లగా ఉంది.

"చంకల ఏముంది?" అందావిడ.

"పటం."

"యాడ దొరికింది?"

"అడవిలో."

ఆడవాళ్లందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "అడవిల దొరికితే వేటనే!" అన్నది వెనక నుంచి ఒక పెద్దావిడ. అంతా గొల్లుమన్నారు.

"మామయ్యగారూ, పటం తడవనీయకండి! రేపే పంపాలి!" ప్రభాకర్ అవతలి నుంచి.

కన్నమ్మ పటం లాక్కుని విప్పి కర్ర మీద పరిచింది. చదువు రాదు, గీతల మీద చూపు అటూ ఇటూ పోయింది. నవ్వు ఆగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లకు విషయం ముందే తెలుసని అప్పుడు నాకర్థమైంది.

"ఇండ్లన్నిటికీ వద్దు. నా ఒక్కదాని వాటా ఇయ్యి. ఇందుల నా గుట్ట ఏది?"

ఏ మూల చూపించినా ఆవిడకు తెలియదు. వాగు చూపించవచ్చు. పక్కన తెల్లగా ఉన్న అంచు చూపించవచ్చు. రెండు రోజుల శ్రమ మిగిలేది, ప్రభాకర్ దగ్గర మాట దక్కేది. పేడనీళ్లు కంట్లో పడి మండుతున్నాయి. తుడుచుకుని, దృశ్య వేదిక మీద వేలు పెట్టాను.

"ఇదా?"

"అదే."

"ఖరారుగ?"

"నా అడుగుతో కొలిచానమ్మా. పెన్సిలు గీతంత కూడా తేడా ఉండదు."

కాగితాన్ని అక్కడ మడిచి, మడతను పండ్లతో కొరికి, నాలుగు వేళ్ల వెడల్పు ముక్క నిదానంగా చింపింది. మడిచి నడుముకు దోపుకుంది. మిగిలింది చుట్టి నా చేతికిచ్చింది. "ఇది నీది," అంది. కర్ర ఎత్తారు. నేను వాగు దిగుతుండగా వెనక ఇంకో కుండ బోర్లించిన చప్పుడు, ప్రభాకర్ కేక.

తిరుగు దారి

జీపులో ఇద్దరం పేడ వాసన కొడుతూ కూర్చున్నాం. డ్రైవరు తల బయట పెట్టుకుని నడిపాడు. చర్ల దగ్గరవుతుండగా ప్రభాకర్ పటం విప్పాడు. నడి భాగంలో కన్నంలోంచి అతని మోకాలు కనిపించింది.

"ఇక్కడ ఏముంది మామయ్యగారూ?"

"గుట్ట."

"అది తెలుస్తోంది. గుట్ట మీద?"

"వేటలో పోయింది."

"మళ్లీ గీయలేరా? కొలతలు మీ పుస్తకంలో ఉంటాయి గదా."

"ఉన్నాయి. పది నిమిషాల పని."

అతను ఎదురుచూశాడు. నేను పుస్తకం తీయలేదు. ప్రభాకర్ తెలివితక్కువవాడు కాదు. రైతుల ఇంట పుట్టినవాడు, నాలుగు అడవి బీట్లు తిరిగినవాడు. చెవిలోంచి పేడ తీసి కిటికీలోంచి విదిలించాడు.

"ఒక్క మాట చెప్పండి. అక్కడ ఖాళీయా? సాగా?"

"ఆ రెండూ నేను రాయను బాబూ. మూడో మాట ఉంటే నువ్వు చెప్పు, చక్కటి అక్షరాలతో రాస్తాను."

చర్ల వచ్చింది. కళ్లం గుమస్తా ఇద్దరినీ చూసి లేచి నిలబడి, వాసన తగలగానే మళ్లీ కూర్చున్నాడు.

"దారి వాగు దగ్గర ఆపేస్తే?" అన్నాడు ప్రభాకర్ చివరికి.

"వాగు దగ్గర నీడ బాగుంటుంది."

"మరి దృశ్యం?"

"వాగు కనిపిస్తుంది."

"ఆగస్టులో. ఇప్పుడైతే రాళ్లు."

"రాళ్లు బాగుంటాయి," అన్నాను.

అతనికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. పటం అడుగున, కన్నానికి ఇవతల అడ్డంగా ఒక గీత గీసి, దారి ఇక్కడితో సమాప్తం అని నా చేతే రాయించాడు. పైవాళ్లు ఆ కన్నం గురించి అడిగారట. ఎలుక కొరికిందని చెప్పాడో, పండుగ గురించి చెప్పాడో నాకు చెప్పలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు

ఆ ఏర్పాటు జరిగింది. చర్ల నుంచి జీపు దొరికితే ఊటగూడెం వాగు దాకా వెళ్లవచ్చు. అక్కడ రెండు సిమెంటు బల్లలు, ఒక బోర్డు ఉన్నాయి. నేను వెళ్లినప్పుడు ఒక బల్ల మీద మేక పడుకుని ఉంది, రెండో దాని మీద పిల్లమేక. పులిహోర తీసుకెళ్తే మూత గట్టిగా పెట్టుకోండి. చీమల పచ్చడి దొరికితే వదలకండి, ఎలా దొరుకుతుందో మాత్రం మీరే అనుభవించండి. భూమి పండుగ రోజుల్లో వెళ్తే వేట ఒకటి చేతపట్టుకుని, ఇంకో జత బట్టలు సంచిలో పెట్టుకుని వెళ్లండి.

ఈ ప్రయాణం మొత్తంలో నేను చూసిన అన్నిటికన్నా గొప్ప దృశ్యం ఆ వాగు దగ్గర కాదు, అంతకు పైన ఉంది. అక్కడికి ఎన్ని భుజాల దూరమో, ఏ రాయి దగ్గర మళ్లాలో నా పుస్తకంలో ఉంది. ఇక్కడ రాయను. అడిగినవాళ్లకు కూడా చెప్పను, ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా.

ఆ చలికాలం అడమయ్య ఏదో పని మీద ఖమ్మం వచ్చి మా ఇంట్లో అన్నం తిన్నాడు. మా ఆవిడను కూడా "నువ్వు" అన్నాడు, ఆవిడకు అది ఎందుకో బాగా నచ్చింది. గుట్ట మీది చేను పండిందా అని అడిగాను.

"పండింది. పందులు సగం దిన్నయ్."

"అయ్యో. మిగతా సగం?"

"అక్క దింటున్నది," అన్నాడు, పులుసు మళ్లీ వడ్డించమని ఆకు ముందుకు జరుపుతూ.